డీపీపీహెచ్‌లో 85 శాతం వస్తే ఒంట్లోనూ పనిచేసినట్టేనా?

మెథనాల్_సీసా: ఆకు సారానికి యాంటీఆక్సిడెంట్ గుణం ఉందా అని డీపీపీహెచ్‌తో చూస్తున్నా (అదొక ఊదారంగు ఫ్రీ రాడికల్, అంటే జతలేని ఎలక్ట్రాన్ ఉన్న పదార్థం; యాంటీఆక్సిడెంట్ తగిలితే ఆ రంగు పోతుంది). 85 శాతం ఇన్హిబిషన్, అంటే రంగు తగ్గుదల, వస్తోంది. కంట్రోల్ (సారం కలపనిది) రీడింగ్ మాత్రం 0.6 దాటట్లేదు. డీపీపీహెచ్ పాడైందా? ఈ ఫలితంతో ఒంట్లోనూ పనిచేస్తుందని రాయొచ్చా? హైడ్రోజన్ పెరాక్సైడ్ లాంటి మిగతా ఫ్రీ రాడికల్స్ మీదా చూడాలా?

క్యూవెట్: 100 మి.లీ. మెథనాల్‌కి 4 మి.గ్రా. వేస్తే 0.1 మిల్లీమోలార్. 517 నానోమీటర్ల దగ్గర రీడింగ్ (కాంతిని ఎంత పీల్చుకుందో) 1.1 అటూ ఇటూగా చూపించాలి. 0.6 అంటే వెలుతురు తగిలి చెడింది. పారబోసి కొత్తది కలపండి, సీసాకి ఫాయిల్ చుట్టండి.

జోడీలేని_ఎలక్ట్రాన్: పెరాక్సైడ్ ఫ్రీ రాడికల్ ఎప్పట్నుంచి అయింది? అందులో ఎలక్ట్రాన్లన్నీ జతగానే ఉన్నాయి.

బయోకెం_బెంచి: మొదలెట్టారూ! పాఠాల్లో అన్నిటినీ ఒకే గాటన కడతారు.

జోడీలేని_ఎలక్ట్రాన్: కట్టేది 'రియాక్టివ్ ఆక్సిజన్ స్పీషీస్' అనే పేరుతో. ఈఎస్ఆర్ (జతలేని ఎలక్ట్రాన్లని పసిగట్టే పద్ధతి) స్పెక్ట్రం చదవడం వచ్చినవాణ్ణి, వినండి. పెరాక్సైడ్ ఒక్కదాన్నే డీఎంపీఓతో (రాడికల్స్‌ని పట్టి ఈఎస్ఆర్‌లో కనపడేలా చేసే పదార్థం) పెడితే ఏమీ కనపడదు. కాస్త ఫెర్రస్ లవణం తగిలించండి, 1:2:2:1 ఎత్తుల్లో నాలుగు గీతలు లేస్తాయి. అది పెరాక్సైడ్ విరిగి పుట్టిన హైడ్రాక్సిల్ రాడికల్. ఫెంటన్ చర్య అంటే అదే.

బయోకెం_బెంచి: మరి పీల్చే ఆక్సిజన్‌లోనూ జతలేని ఎలక్ట్రాన్లు రెండున్నాయి. అదీ రాడికలేనా?

జోడీలేని_ఎలక్ట్రాన్: అవును, బైరాడికల్. ఇంకేమైనా?

మాత్రలొద్దు: ఆ గోల ఆపండి. 'ఒంట్లోనూ' అన్న ముక్క రాయనే వద్దు. డీపీపీహెచ్ సీసాలో నిలవుండే రాడికల్, ఒంట్లో ఉండదు. హైడ్రాక్సిల్ అయితే నానోసెకన్లలో పక్కనున్నదాన్ని పట్టేస్తుంది. ఫిన్లాండ్‌లో పొగతాగేవాళ్లకి రోజూ 20 మి.గ్రా. బీటా కెరోటిన్ అనే యాంటీఆక్సిడెంట్ ఇచ్చి చూశారు. 1994లో తేలిందేమిటి? ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం ఎక్కువ!

తెల్లకణం: ఫ్రీ రాడికల్ అనగానే శత్రువేనా? న్యూట్రోఫిల్స్ అనే తెల్ల రక్తకణాలు సూక్ష్మజీవుల్ని చంపడానికి సూపరాక్సైడ్ అనే ఫ్రీ రాడికల్‌ని పనిగట్టుకుని తయారుచేస్తాయి.

పిపెట్: క్యూవెట్ గారూ, ఊరికే పారబోయించకండి. సారం, డీపీపీహెచ్ సగం సగం కలిపితే గాఢత 0.05కి దిగుతుంది, కంట్రోల్ 0.6 రావడమే సబబు. నా అనుమానమంతా ఆ 85 మీదే. డీపీపీహెచ్ మొత్తం అయిపోయినా పసుపు రంగు మిగులుతుంది కాబట్టి 100 చూపించదు. ఐదారు పలచని గాఢతల్లో చూసి ఐసీ50 (50 శాతం ఇన్హిబిషన్ ఇచ్చే గాఢత) తీయండి. సారంలో ఉత్త మెథనాల్ కలిపి విడిగా బ్లాంక్ పెట్టండి, లేకపోతే ఆకు రంగు కూడా లెక్కలోకొచ్చి ఇన్హిబిషన్ తగ్గి కనపడుతుంది.

మెథనాల్_సీసా: సగం సగమేనండీ. సారం నీళ్లలో తీసింది, కలపగానే కాస్త మసకేస్తోంది.

క్యూవెట్: అది ముందు చెప్పాలి కదా! నీళ్లెక్కువైతే డీపీపీహెచ్ కరగకుండా విడిపోతుంది, ఆ మసకతో ఏ రీడింగూ నమ్మలేం. 3 మి.లీ. డీపీపీహెచ్‌కి సారం 0.1 మి.లీ. చాలు, 30 నిమిషాలు చీకట్లో ఉంచి చూడండి.