4 ఎకరాల లేఅవుట్‌లో వాన నీరు: ఇంకుడు గుంతలు సరిపోతాయా?

లేఅవుట్_పని:
హైదరాబాద్ శివారులో 4 ఎకరాల లేఅవుట్. పైన 1.5 మీటర్ల దాకా నల్లరేగడి, కింద మొరం. ఎగువన పొలాలు, దిగువన చిన్న కుంట. 2×2×3 మీటర్ల ఇంకుడు గుంతలు పది తవ్వి, మిగతా నీరు డ్రెయిన్ల ద్వారా కుంటలోకి వదలాలని ప్లాన్. గుంతలు సరిపోతాయా? చుట్టూ ప్రీకాస్ట్ (ముందే పోసిన కాంక్రీటు పలకల) ప్రహరీ కట్టాలని ఓనర్ అంటున్నారు.

వరదలెక్క:
సరిపోవండి. 4 ఎకరాలంటే 1.62 హెక్టార్లు. గంటకు 60 మి.మీ. వాన పడిందనుకోండి. పొలంగా ఉన్నప్పుడు 30 శాతం పారుతుందనుకుంటే సెకనుకు 81 లీటర్లు. ఇళ్లు, సీసీ రోడ్లు వచ్చాక 70 శాతం, అంటే 189 లీటర్లు. ఆ తేడా గంటలో 390 ఘనమీటర్లు. మీ గుంత ఒక్కోటి 12 ఘనమీటర్లు, కంకర నింపాక నీటికి మిగిలే ఖాళీ 40 శాతమే. పదీ కలిపితే 48.

ఆ తేడా నీరు కాసేపు ఆగేలా పార్కు స్థలంలో 650 చదరపు మీటర్ల మేర 60 సెం.మీ. లోతు తీయండి. గట్లకు 1:4 వాలు ఇవ్వండి, దానికయ్యే స్థలం అదనం. బయటికి 225 మి.మీ. తూము పెడితే నిండినప్పుడు సెకనుకు సుమారు 75 లీటర్లే వదులుతుంది. 450 మి.మీ. పైపు వేస్తే నీరు ఆగకుండా పోతుంది, తవ్విందంతా వృథా. తూముకు ముందు ఊచల జాలీ తప్పనిసరి.

మొరంనేల:
గుంతలు మానొద్దు, భూగర్భజలానికి అవి కావాలి. కానీ అడుగు నల్లరేగడిలో ఆగకూడదు. ఆ మట్టి తడిస్తే ఉబ్బి పగుళ్లు మూసుకుపోతాయి. గుంత అడుగు వచ్చే లోతులోనే 30 సెం.మీ. చదరపు గొయ్యి తీసి మూడుసార్లు నీళ్లు నింపండి. మూడోసారి ఎంత వేగంగా దిగిందో అదే లెక్క. పునాదులకు దగ్గరగా వద్దు, రేగడి ఉబ్బితే గోడలు బీటలిస్తాయి.

ఎక్కువ గుంతలు నిర్మాణం జరిగేటప్పుడే పాడవుతాయి. సిమెంటు నీళ్లు, తవ్విన మట్టి దిగి అడుగు గట్టిపడుతుంది. ఇళ్లు పూర్తయ్యేదాకా గుంతల ఇన్‌లెట్లు మూసి ఉంచండి. ప్రతి గుంతకూ ముందు పూడిక పట్టే ఛాంబర్ కట్టి, వానాకాలానికి ముందు తీయించండి. లేకపోతే గుంతలో కంకరపై పరిచే ఇసుక పొర తీసి కొత్తది వేయాల్సి వస్తుంది.

లేఅవుట్_పని:
పార్కులో నీళ్లు నిలిస్తే దోమలంటున్నారు. ఎగువ పొలాల నీరు కూడా ఇందులోకే తిప్పొచ్చా?

వరదలెక్క:
ఆ తూముతో రెండు మూడు గంటల్లో ఖాళీ అవుతుంది. దోమ గుడ్డు నుంచి ఎదగడానికి దాదాపు వారం కావాలి. అడుగుకు తూము వైపు 1:100 వాలిస్తే మడుగులు మిగలవు. నీళ్లు కనిపించాయని తూము పగలగొట్టి పెద్దది చేయొద్దని అసోసియేషన్‌కు రాసిచ్చి పెట్టండి.

ఎగువ నీరు మాత్రం ఇందులోకి రాకూడదు, లెక్కంతా తారుమారవుతుంది. సర్వే ఆఫ్ ఇండియా టోపోషీట్‌లో (ఎత్తుపల్లాలు, వాగులు చూపే పటం), గ్రామ నక్షాలో పాత వాగు దారి చూసి, దానికి వేరే కాలువ ఇవ్వండి. ప్రహరీతో ఆ దారి మూస్తే నీరు వెనక ఎక్కి ఆ పలకలనే తోసేస్తుంది.

కుంట 10 హెక్టార్లలోపైతే భవన నిర్మాణ నిబంధనల జీవో 168 ప్రకారం ఎఫ్‌టీఎల్ (కుంట పూర్తిగా నిండినప్పటి నీటి హద్దు) నుంచి 9 మీటర్లు కట్టడాలు లేకుండా వదలాలి. తూము అడుగు మట్టం కుంట అలుగు కన్నా పైనే ఉండాలి. కిందుంటే కుంట నిండిన రోజున నీరు ఎదురు తన్ని పార్కులోకి వస్తుంది. తూము మూసుకుపోయినా నీరు కాలువలోకే పొర్లేలా పార్కు గట్టుపై ఓ చోట తగ్గు ఉంచండి, ఆ తగ్గు అన్ని ఇళ్ల ప్లింత్‌ల (ఇంటి నేల మట్టం) కన్నా కనీసం 30 సెం.మీ. కిందుండాలి.