పాత మారుతి 800 కారు ఫ్లోర్ తుప్పు: అతుకు వేయించాలా, వదిలించుకోవాలా?

నాగావళి గట్టు:
అన్నలూ, మా నాన్నగారి 2008 మోడల్ మారుతి 800. మాది శ్రీకాకుళమే గానీ ఆయన ఉద్యోగం కళింగపట్నంలో కావడంతో బండి ఆరేళ్లు ఉప్పుగాలిలో, వేపచెట్టు కింద ఉంది. మొన్న అమ్మ కూర్చునే ముందు సీటు దగ్గర మ్యాట్ ఎత్తితే కార్పెట్ తడిగా తగిలింది, వేలితో నొక్కితే రేకు అప్పడంలా విరిగి కింద మట్టి కనపడింది. ఒక మేస్త్రి పైన రేకు ముక్క పెట్టి లప్పం కొట్టేస్తా, 2,500 ఇవ్వమన్నాడు. ఇంకొకాయన పాత ఇనుముకి వేసేయమన్నాడు. ఇంజన్ బంగారం, ఆర్సీ 2028 దాకా ఉంది. ఏం చేయమంటారు?

జెన్ బాధితుడు:
చిల్లుకి లప్పం అన్నవాడి దగ్గరికి మళ్లీ వెళ్లకు బావా. నా మారుతి జెన్ కారు డోర్ల కింద అలాగే చేయించాను, దసరాకి తళతళలాడింది, మరుసటి వానల్లో పెయింట్ బుడగలు లేచింది. గోరుతో గీకితే లప్పం బిళ్లలా ఊడి చేతిలోకొచ్చింది, దాని వెనక తుప్పు మొదటికన్నా ఎక్కువ. లప్పం తేమ పీల్చుకుంటుంది. సొట్ట పోయాక పైపైన సరిచేయడానికే అది.

విజయనగరం టింకరింగ్:
ముప్పై ఏళ్లుగా ఇదే నా పని తమ్ముడూ. ముందు ఫెండర్లు, బానెట్, డోర్లు, డిక్కీ తలుపు బోల్టులు విప్పితే వచ్చేస్తాయి, అవి బాగా కుళ్లితే అతుకులతో కుస్తీ పట్టకుండా మంచి సెకండ్ హ్యాండ్‌వి చూసి మార్చేయడమే నయం. ఫ్లోర్ అలా కాదు, అది బాడీతో కలిసి ఉంటుంది, కుళ్లినదంతా మంచి రేకు తగిలేదాకా కోసి కొత్త ముక్క వెల్డింగ్ చేయాల్సిందే. వేలెడు చిల్లు అనుకుని గ్రైండర్ పెడితే జానెడు అవుతుంది, దానికి సిద్ధపడు. బాడీ రేకు మందం 0.7, 0.8 మిల్లీమీటర్లే, గ్యాస్ వెల్డింగ్ వేడికి అలలు తిరిగిపోతుంది. సీఓటూ వెల్డింగ్ (సన్న తీగ కరిగించి అతికేది, వేడి తక్కువ పాకుతుంది) చేయించు. అది కూడా ఒకేసారి గీత లాగకూడదు, ఇక్కడో చుక్క అక్కడో చుక్క పెట్టి, చల్లారాక మధ్యలో నింపుకుంటూ రావాలి. బ్యాటరీ వైర్లు, సీట్లు, కార్పెట్ ముందే తీయించు, పెట్రోల్ పైపు ఎటు పోతుందో చూడమను, మంటలార్పే సిలిండర్ పక్కన ఉండాలి. మా కొట్లో ఒకసారి లోపల కార్పెట్ అంటుకుంది, ఆ రోజు తలుచుకుంటే ఇప్పటికీ వణుకే.

బొబ్బిలి వీణ:
అంతా వెల్డింగ్ గురించే చెప్తున్నారు, అసలు ఆ నీళ్లు ఎక్కడివి? వేపచెట్టు అన్నావు కదా, వైపర్ల కింద జాలీ విప్పి చూడు. అక్కడ ఆకులు పేరుకుంటే నీళ్లు బయటికి పోయే దారి మూసుకుపోయి లోపలికి దిగుతాయి. ఒకరు చెంబుతో అద్దం మీద నెమ్మదిగా పొయ్యాలి, ఒకరు లోపల డాష్‌బోర్డు కింద టార్చ్ పట్టుకుని తలకిందులుగా పడుకోవాలి (నేను మా ఆవిడతో పోయించుకున్నాను, సగం నా మొహం మీదే). డోర్ల అడుగున చిన్న కన్నాలుంటాయి, అవి కూడా పుల్ల పెట్టి తీయి. ఇది చేయకుండా కొత్త రేకు వేస్తే అదీ కుళ్లుతుంది.

జెన్ బాధితుడు:
ఇంకోటి, కింద నల్ల కోటింగ్ కొట్టించేస్తే సరిపోతుందని ఎవరైనా అంటే వినకు. తుప్పు మీద అది కొడితే తడి లోపలే బందీ. ముందు వైర్ బ్రష్‌తో మెరిసేదాకా గీకి, ఎపాక్సీ ప్రైమర్ (రేకుకి తేమ తగలకుండా ముందు వేసే పూత) వేసి, అతుకు అంచులకి నీళ్లు దూరకుండా సీలర్ పూసి, అప్పుడు కోటింగ్.

నాగావళి గట్టు:
జాలీ విప్పాను. దోసెడు వేపాకులు, కింద నల్లటి మన్ను, అందులో ఒక మొక్క కూడా మొలిచింది! చెంబెడు నీళ్లకే లోపల ధార కట్టింది. చిల్లు చుట్టూ గీకితే ఇప్పటికే అరచేయంత అయింది. రన్నింగ్ బోర్డు (డోర్ల కింద పొడవుగా ఉండే రేకు) దగ్గర జాకీ పెట్టే చోటు కూడా అనుమానంగానే ఉంది మాస్టారూ, అదీ పోతే?

విజయనగరం టింకరింగ్:
స్క్రూడ్రైవర్ పిడితో కొట్టి చూడు. ఖంగుమంటే పర్లేదు. మెత్తగా దిగబడితే మాత్రం ఆ బండికి జాకీ పెట్టకు, దాని కింద అసలే దూరకు. బాడీ బరువు మోసే రేకు అది, నేను చూడకుండా రేటు చెప్పను. ఆదివారం తీసుకురా, పొద్దున్నే రా.