సెల్టానా, బీఎడ్డా? ఇంగ్లీషు చెప్పడానికి బయటి దేశం పోవాలంటే ఏది పనికొస్తుంది?

కావలి పిల్ల:
ఎంఏ ఇంగ్లీషు చేసి నెల్లూరులో ఒక జూనియర్ కాలేజీలో పాఠాలు చెబుతున్నాను. జీతం సంగతి అడక్కండి. ఈమధ్య ఒక కన్సల్టెన్సీ వాళ్ళు 120 గంటల ఆన్‌లైన్ టెఫెల్ (విదేశీయులకు ఇంగ్లీషు నేర్పే శిక్షణ) కోర్సు, ఆ తర్వాత థాయిలాండ్‌లో గ్యారంటీ ఉద్యోగం, అన్నీ కలిపి లక్షా ఎనభై వేలు అన్నారు. ఆ డబ్బేదో పెట్టి కేంబ్రిడ్జి వాళ్ళ టీచింగ్ సర్టిఫికెట్ కోర్సు సెల్టా చెయ్యమని ఫ్రెండ్ సలహా. నాన్న మాత్రం బీఎడ్ చేసి డీఎస్సీ రాయమంటున్నాడు. 2025 మెగా డీఎస్సీలో 16,347 పోస్టులు వేసినప్పటి నుంచి ఇంట్లో ఇదే పాట. నాకైతే బయటికి పోవాలని ఉంది. ఏది చేస్తే మంచిది?

పెన్నా గట్టు:
ఏదీ చెయ్యొద్దు చెల్లెమ్మా. అమెరికా, బ్రిటన్, కెనడా, ఐర్లాండ్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, దక్షిణాఫ్రికా. కొరియా వాళ్ళు ఇంగ్లీషు టీచర్లకిచ్చే ఈ-2 వీసా ప్రధానంగా ఈ ఏడు దేశాల వాళ్ళకే. చైనాలోనూ దాదాపు ఇదే వరస. నువ్వు షేక్‌స్పియర్‌ని పొల్లు పోకుండా అప్పజెప్పినా, పాస్‌పోర్టు మీద మూడు సింహాలు కనపడగానే ఫైలు పక్కన పెడతారు. నేనూ ఇంటర్వ్యూలకు కూర్చున్నవాణ్ణే. ఒకావిడ వీడియోలో అరగంట నవ్వుతూ మాట్లాడింది, డెమో బాగుందంది. పాస్‌పోర్టు కాపీ పంపిన సాయంత్రమే మెయిల్: పిల్లల తల్లిదండ్రులు నేటివ్ స్పీకరే, అంటే ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవాళ్ళే, కావాలంటున్నారట. వాళ్ళను అని ఏం లాభం, మన కార్పొరేట్ స్కూళ్ళు కూడా బ్రోచర్ మీద తెల్లపిల్లల ఫొటోలే వేస్తాయి కదా.

ఒంగోలు టు హనోయి:
అన్న చెప్పిన ఏడు దేశాల సంగతి నిజం. కానీ ప్రపంచమంటే కొరియా, చైనా రెండేనా? నేను కర్నూల్ రోడ్డు పక్కన స్పోకెన్ ఇంగ్లీషు చెప్పుకుంటూ ఉండి, సెల్టా చేసి వియత్నాం వచ్చాను. ఇక్కడ వర్క్ పర్మిట్‌కి డిగ్రీ, టీచింగ్ సర్టిఫికెట్, పోలీస్ క్లియరెన్స్, అన్నింటికీ అటెస్టేషన్ కావాలి. నన్ను ఇంగ్లీషు పరీక్ష ఐఈఎల్‌టీఎస్ స్కోరు కూడా అడిగారు. వివక్ష లేదనను. అదే క్లాసుకి తెల్లవాడికి నాకంటే ఎక్కువ ఇస్తారు. అయినా నెల్లూరు జూనియర్ కాలేజీ జీతంతో పోలికే లేదు.

ఇక సెల్టా గురించి. 120 గంటల కోర్సు, అందులో ఆరు గంటలు నిజమైన విద్యార్థుల ముందు నిలబడి పాఠం చెప్పాలి. ట్యూటర్ వెనక బెంచీలో కూర్చుని రాసుకుంటూ ఉంటాడు. నాలుగు రాత అసైన్‌మెంట్లు అదనం. మొదటి పాఠం అయ్యాక నా ట్యూటర్ అడిగింది ఒకటే: "క్లాసులో ఎక్కువ మాట్లాడింది ఎవరు?" నేనే. మనకు అలవాటేంటి? బోర్డు మీద రూలు రాసి, వివరించి, "అర్థమైందా?" అంటాం. పిల్లలంతా "అర్థమైంది సార్" అంటారు. అక్కడ ఆ ప్రశ్నే వెయ్యనివ్వరు. "ఐ యూజ్డ్ టు లివ్ ఇన్ ఒంగోలు" అని రాశావనుకో, "ఇతను ఇప్పుడు ఒంగోల్లో ఉంటున్నాడా? ముందు ఉన్నాడా? ఒక్కరోజా, చాలాకాలమా?" అని అడగాలి. దానికి వాళ్ళిచ్చే జవాబుని బట్టే ఎవరికి అర్థమైందో తెలుస్తుంది. వీడియోలు చూసి, టిక్కులు పెట్టే ఆన్‌లైన్ టెఫెల్‌లో ఇది రాదు. పైగా టెఫెల్ అనే పేరు ఎవరి సొత్తూ కాదు, ఎవరైనా కోర్సు పెట్టి సర్టిఫికెట్ ప్రింట్ చేసుకోవచ్చు.

చీమకుర్తి టీచరమ్మ:
మీరిద్దరూ గల్ఫ్ మాటే ఎత్తలేదు. నేను దుబాయ్‌లో సీబీఎస్ఈ స్కూల్లో ఏడో తరగతికి ఇంగ్లీషు చెబుతాను. ఇక్కడ సెల్టా ఊసెత్తే ప్రిన్సిపాల్ నాకింకా తగల్లేదు. డిగ్రీ, బీఎడ్, అనుభవం, ఇవీ అడిగేవి. అదీ రెగ్యులర్ బీఎడ్. నాతో ఇంటర్వ్యూకి వచ్చిన ఒకమ్మాయిది దూరవిద్య అని తెలిసి అక్కడే ఆపేశారు. సర్టిఫికెట్లకు రాష్ట్రంలో, ఆపైన ఢిల్లీలో విదేశాంగ శాఖ దగ్గర, మళ్ళీ ఎంబసీలో ముద్రలు పడాలి. ఆ పనికి మా ఆయన పదోతరగతి మార్కుల జాబితా నుంచి అన్నీ ఫైల్లో పెట్టుకుని తిరిగిన తిరుగుడు వేరే కథ.

పాపా, మీ నాన్న అనే బీఎడ్ రెండేళ్ళు పట్టినా రెండు చోట్లా చెల్లుతుంది. డీఎస్సీకి అక్కడ, గల్ఫ్‌కి ఇక్కడ. పైగా కొరియాతో మనకు సెపా అనే వాణిజ్య ఒప్పందం 2010 నుంచి అమల్లో ఉంది. ఇంగ్లీషు డిగ్రీతో పాటు టీచర్ అర్హత ఉన్న మనవాళ్ళకు స్కూళ్ళలో సహాయ టీచర్లుగా ఆ ఈ-2 వీసాకే వీలుంది. పెన్నా గట్టు తమ్ముడు ఈ సంగతి వదిలేశాడు.

పెన్నా గట్టు:
కాగితం మీద వీలుంది అక్కా. ఆ దారిన వెళ్ళినవాళ్ళు మీకెంతమంది తెలుసు? నాకు ఒక్కరూ తెలియదు. హనోయి అన్నని ఒక మాట అడుగుతా. జీతంలో తేడా ఉందని ఆయనే ఒప్పుకున్నాడు. లక్ష పైన పోసి సెల్టా చేసినవాడు, ఏ కోర్సూ లేకుండా వచ్చిన తెల్లవాడికంటే తక్కువకు పనిచేస్తున్నాడు. దీన్ని నైపుణ్యానికి దక్కిన విలువ అందామా?

ఒంగోలు టు హనోయి:
అనొద్దు. నేనూ అనలేదు. కానీ కోపం తెచ్చుకుని ఇంట్లో కూర్చుంటే ఆ తేడా తగ్గుతుందా? మా సెంటర్లో కొత్త టీచర్ల పాఠాలు చూసి దిద్దే పని ఇప్పుడు నాది. ఆ తెల్లవాడి పాఠం కూడా నేనే చూస్తాను. జీతం సంగతి అలాగే ఉంది, అది వేరే పోరాటం.

టీచరమ్మ గారి మాట గల్ఫ్‌కి నూరుపాళ్ళు నిజం. అందుకే ఏ కోర్సు మంచిదని అడిగితే జవాబు దొరకదు. ముందు దేశం తేల్చుకో. గల్ఫ్‌లో మన స్కూళ్ళైతే బీఎడ్. వియత్నాం లాంటి చోట భాషా సెంటర్లైతే సెల్టా, లేదా అలాంటిదే, లండన్ ట్రినిటీ కాలేజీ వాళ్ళ సర్ట్ టీసాల్. జపాన్ అయితే భాష నేర్పే వీసాకి 12 ఏళ్ళు ఇంగ్లీషు మీడియంలో చదివినట్టు రుజువు అడుగుతారు. నువ్వు ఏ మీడియం?

కావలి పిల్ల:
పదో తరగతి దాకా తెలుగు మీడియమే అన్నా. జపాన్ కొట్టేశాను. మరి థాయిలాండ్ గ్యారంటీ సంగతి?

మాగుంట లేఅవుట్:
ఇన్నాళ్ళూ చదివి ఊరుకునేవాణ్ణి, గ్యారంటీ మాట విని రాస్తున్నా. విదేశీ ఉద్యోగం ఇప్పించే ఏజెంటుకి మన విదేశాంగ శాఖ లైసెన్సు ఉండాలి. ఆ శాఖ ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్లో ఏజెంటు పేరు కొడితే తెలిసిపోతుంది. లైసెన్సు ఉన్నవాడు కూడా ముప్ఫై వేలు, దానిపైన జీఎస్టీ, అంతకు మించి తీసుకోకూడదు. అందుకే కొందరు "ఇది ఉద్యోగానికి కాదు, ట్రైనింగ్‌కి" అని రసీదు రాస్తారు. నీ లక్షా ఎనభై వేలకు ఏమని రాసిస్తారో అడిగి చూడు. ఇంకొకటి, టూరిస్టు వీసా మీద పంపి అక్కడ మారుస్తామంటే లేచి వచ్చెయ్. 2024లో విశాఖ పోలీసులు బయటపెట్టిన కంబోడియా కేసు గుర్తుందిగా? డేటా ఎంట్రీ అని తీసుకెళ్ళి సైబర్ మోసాలు చేయించారు. 2025 మార్చిలో థాయిలాండ్ నుంచి వాయుసేన విమానాల్లో వెనక్కి తెచ్చిన మనవాళ్ళలో చాలామందిని ఉద్యోగమని చెప్పే మయన్మార్‌లోకి దాటించారు.

ఒంగోలు టు హనోయి:
థాయిలాండ్‌లో నిజమైన ఉద్యోగాలూ ఉన్నాయి, భయపడి మొత్తం మూసెయ్యొద్దు. నేటివ్ కానివాళ్ళని టోయిక్ అనే ఇంగ్లీషు పరీక్షలో 600 మార్కులు అడగడం అక్కడ మామూలు. అక్కడ పని చెయ్యడానికిచ్చే నాన్-బి వీసా స్కూలు ఇచ్చే కాగితాల మీద వస్తుంది, కన్సల్టెన్సీ మీద కాదు. స్కూలు పేరు చెప్పమను. చెప్పకపోతే ఇక మాట్లాడేదేముంది? పోటీ మాత్రం ఫిలిప్పీన్స్ వాళ్ళతో. వాళ్ళు మనకంటే ముందునుంచే పాతుకుపోయారు, పిల్లల చేత పాటలూ ఆటలూ ఆడించడంలో మనం వాళ్ళ దగ్గర నేర్చుకోవాలి.

కావలి పిల్ల:
ఫోన్ చేశా. స్కూలు పేరు అగ్రిమెంట్ అయ్యాకే చెబుతారట. లైసెన్సు నంబర్ అడిగితే సార్ లంచ్‌కి వెళ్ళారన్నారు, టైమ్ పదిన్నర. దాన్ని పక్కన పెట్టేశా. ముందు ఐఈఎల్‌టీఎస్ రాస్తా. హైదరాబాద్‌లోని ఇంగ్లీషు, విదేశీ భాషల యూనివర్సిటీ ఇఫ్లూలో దూరవిద్యగా పీజీసీటీఈ (ఇంగ్లీషు బోధనలో పీజీ సర్టిఫికెట్) ఉందని కాలేజీలో ఒక మేడమ్ చెప్పారు, ఉద్యోగం మానకుండా చెయ్యొచ్చుట. అది విదేశాల్లో చెల్లుతుందా?

చీమకుర్తి టీచరమ్మ:
చదువుగా గట్టిది పాపా. వీసాకి మాత్రం బీఎడ్ బదులు దాన్ని చూపించలేవు. నాన్నకి ఆ మాట కూడా చెప్పు, సగం సంతోషిస్తాడు.

పెన్నా గట్టు:
ఐఈఎల్‌టీఎస్ స్కోరు వచ్చాక ఇక్కడ పెట్టు. నా మాట మీద నేను అలాగే ఉన్నా. ఆ సార్ లంచ్ నుంచి వస్తే అది కూడా చెప్పు.