బొచ్చు ఊలు స్కార్ఫ్‌లో కుట్లు పెరిగిపోతున్నాయి, దారి చెప్పండి

అందరికీ నమస్కారం. మా చిన్నమ్మాయి జనవరిలో చదువుకి టొరంటో వెళ్తోంది. నా చేత్తో అల్లిన స్కార్ఫ్ మెడలో వేసి పంపాలని ఆశ. తొందరగా అయిపోతుందని కనురెప్పల్లా బొచ్చు వేలాడే ఊలు తెచ్చాను, ముదురు నెమలి రంగు.

అమెరికా నమూనాలో 11 నంబరు సూదులని ఉంటే ఇక్కడి కొట్లో అదే నంబరు అడిగి తెచ్చుకున్నా. రెండు రోజులు అల్లాక తెలిసింది, వాళ్ళ 11 అంటే 8 మిల్లీమీటర్లట, మన దగ్గర దొరికే పాత బ్రిటిష్ లెక్కలో 11 అంటే 3 మిల్లీమీటర్లే. ఇప్పుడు 8 మిల్లీమీటర్లవే తెచ్చుకుని, 20 కుట్లతో మొదలుపెట్టి, ప్రతి వరసా నిట్ కుట్టే (అల్లికలో మొదట నేర్పే మామూలు కుట్టు) వేస్తున్నాను.

జానెడు అల్లి లెక్కపెడితే 26 కుట్లు! బొచ్చులో ఎక్కడ పెరిగాయో కనబడదు. విప్పబోతే పోగులు చిక్కుపడి ముడులు పడుతున్నాయి. ఆరు చోట్ల రెండేసి కుట్లు కలిపి అల్లి, అదనంగా వచ్చిన ఆరింటినీ తగ్గించేస్తే పైకి తెలుస్తుందా? లేక మొదటినుంచి, సన్నటి మామూలు ఊలు జతచేసి రెండు పోగులతో అల్లితే కుట్లు కనబడతాయా? అలా చేస్తే బరువెక్కి మెత్తదనం పోతుందేమోనని భయం. అంచులో మొదటి కుట్టు అల్లకుండా ఒక సూది మీంచి రెండో సూది మీదకి జార్చాలా?

ఈ ఊలుతో అల్లినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి. ప్రయాణానికి ఇంకా మూడు వారాలే ఉంది.