థేమ్స్ రేవు పక్కన చర్చి: 1616 నాటి విష్షర్ చిత్రాన్ని సాక్ష్యంగా తీసుకోవచ్చా?

పటాలపాఠకుడు:
డచ్చి చిత్రకారుడు విష్షర్ పేరుతో 1616లో అచ్చయిన లండన్ దృశ్యంలో ముందువైపు థేమ్స్ దక్షిణపు ఒడ్డున ఉన్న సెయింట్ సేవియర్స్ చర్చి (నేటి సదర్క్ కెథీడ్రల్), దాని పక్కనే ఇళ్లతో కిక్కిరిసిన లండన్ వంతెన, వంతెన దక్షిణ ద్వారం మీద ఈటెలకు గుచ్చిన తలలు, నది నిండా ఓడలు కనిపిస్తాయి. అయితే ఆయన లండన్‌లో అడుగుపెట్టాడనడానికి ఆధారం లేదు. పాత పటాలు చూసి గీశాడని పరిశోధకులు భావిస్తున్నారు. కనుక ఆ రేవు సందడిని అందమైన కల్పనగానే చూడాలని నా అభిప్రాయం. ఇదే చర్చి గోపురం ఎక్కి చిత్తు చిత్రాలు గీసుకున్న ప్రాగ్ చిత్రకారుడు హోలార్ ఉండగా, విష్షర్‌ను నమ్మవలసిన అవసరమేమిటి?

రేవుచరిత్ర:
కళ్లారా చూశాడా లేదా అన్న ఒక్క కొలబద్దతో ఈ విషయం తేలదండి. హోలార్ చూసినవాడే, కాని 1647 నాటి అచ్చులో గ్లోబ్ నాటకశాల పేరూ ఎలుగుబంట్ల పోరు జరిగే గోదా పేరూ తారుమారయ్యాయి. లండన్ విడిచి వెళ్లాక ఆంట్వెర్ప్‌లో చెక్కిన రాగి పలకలవి. ఇక విష్షర్ చిత్రంలో ఓడలు ఎక్కడ నిలిచాయో గమనించండి. ఆ వంతెన కమానులు ఇరుకైనవి, వాటి గుండా నీరు ఎంత ఉరవడిగా దూకేదంటే పడవవాళ్లు సైతం జంకేవారు; పైగా 1559 నాటి చట్టం విదేశీ సరుకు దింపే గట్లను వంతెనకు దిగువన, లండన్ టవర్ వైపు, ఉత్తరపు ఒడ్డుకే పరిమితం చేసింది. విష్షర్ సముద్రపు ఓడలను సరిగ్గా ఆ దిగువనే, అంటే చిత్రంలో వంతెనకు కుడివైపున, గుంపుగా నిలిపి, ఎగువన ఎక్కువగా చిన్న పడవలనే వదిలాడు. కేవలం అలంకారం కోసమైతే వాటిని నది పొడవునా సమంగా చల్లి ఉండేవాడు. లండన్‌లోని పెద్ద చర్చి సెయింట్ పాల్స్‌ను కూడా 1561లో పిడుగుపాటుకు కాలిపోయిన శిఖరం లేకుండానే చూపాడు.

పటాలపాఠకుడు:
ఓడలు ఎక్కడ ఆగుతాయో ఆమ్‌స్టర్‌డామ్ నావికులెవరిని అడిగినా చెప్పేవారు. అది రేవు గురించిన విన్న మాటకు రుజువు అవుతుందేమో గాని, చర్చి కిటికీలకు రుజువు కాదు కదా!

రేవుచరిత్ర:
అంగీకరిస్తాను, కాని ఆ మాట నా వాదానికే బలం. నావికుల నోట విన్నదైనా రేవు గురించి అది సమకాలీన సమాచారమే. చర్చి సంగతి వేరు: గోపురం నేటికీ నిలిచి ఉంది కనుక పోల్చి చూడవచ్చు, ప్రధాన మందిరాన్ని మాత్రం 19వ శతాబ్దంలో కూల్చి తిరిగి కట్టారు కనుక ఆ భాగానికి విష్షర్ గీతను ఒంటరి సాక్షిగా నేనూ ఒప్పుకోను. ఒక్క చిత్రాన్నే రెండుగా విడదీసి చదవడం వింతగా తోచవచ్చు; అయినా 1616 నాటి ఓడల రద్దీ గురించి రాసేవారు ఈ చిత్రాన్ని పక్కన పెట్టనక్కరలేదు, కట్టడం గురించి రాసేవారు దీనితోనే ఆగిపోకూడదు.