వెబ్‌సైట్‌కి ఏది మంచిది? రాత్రంతా కూర్చున్నా, దేంట్లోనూ తెలుగు రావడం లేదు

వానకోయిల
అందరికీ నమస్కారం. రాత్రి తొమ్మిదింటికి కూర్చున్నాను, ఇప్పుడు తెల్లవారుజామున మూడున్నర. ఇక నావల్ల కాక అడుగుతున్నాను.

మా నాన్నగారు తెలుగు మాస్టారుగా రిటైరయ్యారు. మా ఊరి గురించి ఒక పుస్తకం రాశారు. చెరువు ఎవరు తవ్వించారు, ఏ ఇంటిపేరు వాళ్లు ఎక్కడి నుంచి వచ్చారు, తుఫానులో ఏ వీధి మునిగింది, ఇలా 46 అధ్యాయాలు, 210 పేజీలు. కాపీలన్నీ అయిపోయాయి. వచ్చే నెల ఆయనకు 75 నిండుతాయి. ఆ రోజుకి పుస్తకమంతా వెబ్‌సైట్‌గా చేసి లింక్ ఆయన చేతిలో పెట్టాలని నా కోరిక.

వర్డ్‌ప్రెస్ చూశాను, తెలుగు రావడం లేదు. బ్లాగర్ చూశాను, అదే గతి. లాగి వదిలితే పేజీ తయారయ్యే రకం ఇంకొకటి చూశాను, అక్కడా అంతే. తెలుగు సపోర్ట్ చేసే మంచి ప్లాట్‌ఫాం ఏదో ఒక్కటి చెప్పండి, డబ్బు కట్టాలన్నా కడతాను. ఏడుపొస్తోంది.

గట్టుమీద
వర్డ్‌ప్రెస్. తెలుగు బాగానే వస్తుంది. ఇంకోసారి చూడండి.

కృష్ణాతీరం
ప్లాట్‌ఫాం సంగతి తర్వాత, ముందు డొమైన్, అంటే సైట్ చిరునామా పేరు, మీ పేరు మీద కొనండి. చేసిచ్చే కుర్రాడి పేరు మీద వద్దు, డిజైన్ షాపు పేరు మీద అసలే వద్దు. మా సంఘం సైట్ కథ చెబుతాను. తెలిసిన అబ్బాయి తన మెయిల్‌తో రిజిస్టర్ చేశాడు. తర్వాత విదేశాలకు వెళ్లిపోయాడు, రెన్యువల్ మెయిళ్లన్నీ అతను చూడని పాత ఖాతాకే వెళ్లాయి. గడువు దాటింది, ఆ పేరు వేరెవరో కొనేశారు. ఆరేళ్ల ఫొటోలు, రిపోర్టులు అన్నీ ఆ చిరునామాతోనే పంచుకున్నాం. ఇప్పుడు ఆ లింకులు నొక్కితే ఏవో ప్రకటనలు వస్తున్నాయి. పిల్లాడిని తప్పు పట్టను, తప్పు మాదే.

ఇంకో మాట. మొదటి ఏడాది ధర చూసి కొనకండి, రెండో ఏడాది రెన్యువల్ ఎంతో చూసి కొనండి. ఆటో రెన్యువల్ పెట్టండి. డొమైన్ ఒకచోట, హోస్టింగ్ (సైట్ ఫైళ్లు ఉంచే అద్దె చోటు) ఇంకోచోట ఉంటే రేపు హోస్టింగ్ వాళ్లతో పేచీ వచ్చినా పేరు మీ చేతిలోనే ఉంటుంది.

మెట్టపొలం
వర్డ్‌ప్రెస్ అంటున్నారు, ఏ వర్డ్‌ప్రెస్? డాట్ కామ్ అంటే వాళ్ల సర్వర్లో మనం అద్దెకున్నట్టు. డాట్ ఆర్గ్ నుంచి సాఫ్ట్‌వేర్ దింపుకుని మన హోస్టింగ్‌లో పెట్టుకుంటే సొంతిల్లు, రిపేర్లూ మనవే. ఈ రెండూ ఒకటే అనుకుని సలహాలిస్తే కొత్తవాళ్లు మునుగుతారు. నన్నడిగితే ఆవిడకు రెండూ వద్దు. పుస్తకం రోజూ మారదు కదా. హ్యూగో అనే సాఫ్ట్‌వేర్‌తో స్టాటిక్ సైట్, అంటే ముందే తయారుచేసి పెట్టిన పేజీల సైట్, చేసి గిట్‌హబ్ పేజెస్ అనే ఉచిత చోట్లో పెడితే ఖర్చు ఉండదు, సమాచారం దాచే డేటాబేస్ ఉండదు, ప్లగిన్లు (అదనపు హంగులు) అప్‌డేట్ చేసే పనే ఉండదు.

గట్టుమీద
ఆవిడకు గిట్‌హబ్ నేర్పుతారా నెల రోజుల్లో?

మెట్టపొలం
నేర్పుతాను. ఒక్క ఆదివారం చాలు. మా మేనకోడలికి అలాగే నేర్పాను.

వానకోయిల
అయ్యా, డొమైన్ గురించి మీరు చెప్పినవన్నీ రాసి పెట్టుకున్నాను. కానీ నా సమస్య తెలుగు. నేను వాడింది డాట్ కామ్. టైటిల్ నేను టైప్ చేస్తే తెలుగులో చక్కగా వస్తోంది. పుస్తకంలోని పేరా అతికిస్తేనే ఏవేవో వస్తున్నాయి.

అచ్చుపెట్టె
అమ్మా, ఏవేవో అంటే ఏమిటో చెప్పండి, దాన్నిబట్టే జబ్బు తెలుస్తుంది. వరసగా ప్రశ్నార్థకాలే వస్తే డేటాబేస్ గోల. ఖాళీ డబ్బాలు వస్తే ఆ కంప్యూటర్లో తెలుగు ఫాంట్ లేదు. ఇంగ్లిష్ అక్షరాలు, వాటి నెత్తిన చుక్కలు, పౌండ్ గుర్తులు, గీతలు కలగాపులగంగా వస్తే అది వేరే కథ. ఒక పని చేయండి. ఆ పేరా కాపీ చేసి నోట్‌పాడ్‌లో అతికించండి. అక్కడ ఏం కనిపిస్తోంది?

వానకోయిల
మీరు చివర చెప్పినట్టే, పిచ్చి గుర్తులు! అదే పేరా వర్డ్‌లో మాత్రం ముత్యాల్లా కనబడుతోంది, అందుకే ఫైల్ మీద అనుమానం రాలేదు. 2006లో డీటీపీ చేయించిన పుస్తకం అండీ. పుస్తకం పేజీలు కూర్చే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్ ఫైళ్లు సీడీలో ఉంటే ఒకాయనతో వర్డ్‌లోకి మార్పించాను, ఫాంట్ కూడా ఆయనే వేసిచ్చారు. అది చెప్పాల్సిన విషయం అనుకోలేదు. అందరి పుస్తకాలూ అలాగే చేస్తారు కదా అనుకున్నా.

అచ్చుపెట్టె
అక్కడే ఉంది కిటుకు. నేను పాతికేళ్లుగా విజయవాడలో ఈ పనే చేస్తున్నాను, నిదానంగా చెబుతాను వినండి.

మీ ఫైల్లో తెలుగు లేదమ్మా. ఉన్నవి ఇంగ్లిష్ అక్షరాలూ గుర్తులూ. డీటీపీ వాళ్లు వాడే ‘అను’ అనే పేరున్న ఫాంట్లు వాటి మీద తెలుగు బొమ్మలు తొడుగుతాయి. ఒక గుర్తుకు తలకట్టు, ఇంకోదానికి ఒత్తు, మరోదానికి కొమ్ము. ఆ ఫాంట్ ఉన్న కంప్యూటర్లో అవన్నీ కలిసి తెలుగులా కనబడతాయి. ఫాంట్ తీసేస్తే ముసుగు ఊడిపోతుంది. ప్రెస్సుకు అది సరిపోయింది, కాగితం మీద పడేది బొమ్మే కాబట్టి. ప్రతి అక్షరానికీ ఒక నంబరు ఇచ్చే యూనికోడ్ పద్ధతి పేజ్‌మేకర్‌కు రాదు, 2001లో వచ్చిన 7తో దాని వెర్షన్లే ఆగిపోయాయి. అందుకే మన అచ్చు ప్రపంచం అంతా ఏళ్ల తరబడి ఇలాగే నడిచింది. యూనికోడ్‌లో తెలుగుకు 1991లో వచ్చిన మొదటి వెర్షన్ నుంచే సొంత చోటు ఉంది. అందులో ‘క’ అంటే ఏ ఫోన్‌లోనైనా, ఏ ఫాంట్‌లోనైనా ‘క’నే. కాబట్టి వర్డ్‌ప్రెస్ తప్పూ లేదు, బ్లాగర్ తప్పూ లేదు. ప్లాట్‌ఫాం ఎన్నిసార్లు మార్చినా అదే వస్తుంది.

అను నుంచి యూనికోడ్‌కు మార్చే కన్వర్టర్లు నెట్‌లో దొరుకుతాయి. మీది అను 6నా 7నా ముందు కనుక్కోండి. రెంటికీ లెక్క వేరు, తప్పుది ఎంచుకుంటే సగం అక్షరాలు తేడా కొడతాయి. ఒక్క అధ్యాయంతో మొదలుపెట్టండి. పేరాల్లో ఇంగ్లిష్ ఫాంట్‌లో కొట్టిన మాటలూ అంకెలూ ఉంటే కన్వర్టర్ వాటిని కూడా తెలుగు అనుకుని మార్చేస్తుంది. సంవత్సరాలు, సర్వే నంబర్లు ఎక్కువగా ఉండే పుస్తకం కదా, వాటిని ముందే గుర్తుపెట్టుకుని తర్వాత చేత్తో దిద్దండి. ఒత్తులు, క్రావడి, ‘ఘ’, ‘ఝ’ లాంటివి ప్రత్యేకంగా చూసుకోవాలి. పేజ్‌మేకర్ లైను చివర విరిచిన మాటలు విడిపోయి వస్తాయి, వాటిని కలపాలి. రోజుకు మూడు అధ్యాయాల చొప్పున దిద్దితే గడువులో అయిపోతుంది. ప్రూఫు మాత్రం అచ్చు పుస్తకం పక్కన పెట్టుకునే చూడండి.

గడ్డిపువ్వు
ఇంత తిప్పలెందుకు, పేజీలన్నీ స్కాన్ చేసి పీడీఎఫ్ పెట్టేయొచ్చుగా? ఒక పూట పని.

అచ్చుపెట్టె
పెట్టండి, కానీ అదొక్కటే వద్దు. ఆ ఊరి మనవడెవడో ఎక్కడో కూర్చుని తన ఇంటిపేరు, ఊరి పేరు గూగుల్లో కొడితే ఈ పుస్తకం దొరకాలి. స్కాన్ బొమ్మ అయితే అలా దొరుకుతుందన్న నమ్మకం లేదు. ఫోన్‌లో చదివేవాళ్లకు పేజీని అటూ ఇటూ జరుపుకోవడమే సరిపోతుంది. పీడీఎఫ్ ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే ఉచిత గ్రంథాలయ సైట్‌లో పెట్టి దాని లింక్ సైట్‌లో ఇస్తే బాగుంటుంది.

తెలుగుదివ్వె
యూనికోడ్ ఫాంట్‌లోకి మార్చడం అనండి, స్పష్టంగా ఉంటుంది.

అచ్చుపెట్టె
అలా అనకూడదు. యూనికోడ్ ఫాంట్ కాదు, అక్షరానికి నంబరు ఇచ్చే పద్ధతి. మండలి, రామభద్ర, నోటో ఇవీ ఫాంట్లు. ఈ రెంటినీ కలిపేయడం వల్లే జనం ఫాంట్ మార్చి తెలుగు వస్తుందని ఎదురుచూస్తారు.

తెలుగుదివ్వె
వాడుకలో అందరూ అలాగే అంటున్నారండీ. వాడుకను కాదంటే ఎలా? ‘వెబ్‌సైట్’ బదులు ‘జాలస్థలి’ అనాలని చెప్పీ చెప్పీ నేనే అలసిపోయాను. మాట తెలుగులో ఉండాలి, అర్థం జనానికి తెలియాలి, నా పట్టుదల అంతే.

కృష్ణాతీరం
తెలుగు అంటే గుర్తొచ్చింది, చిరునామా చివర ‘.భారత్’ పెట్టుకుని డొమైన్ పేరంతా తెలుగులోనే కొనుక్కోవచ్చు. నాన్నగారు తన ఊరి పేరును తెలుగులో చూసుకుంటే సంతోషిస్తారు. మామూలు ‘.ఇన్’ కూడా ఒకటి తీసుకోండి, ఫోన్‌లో తెలుగు టైప్ చేయలేని వాళ్లు ఉంటారు.

మెట్టపొలం
పేజీ లింకులు మాత్రం ఇంగ్లిష్ అక్షరాల్లో పెట్టండి. తెలుగులో పెడితే వాట్సాప్‌లో పంపేటప్పుడు ఒక్కో అక్షరం శాతం గుర్తులతో తొమ్మిది గుర్తులవుతుంది. లింక్ మూడు నాలుగు లైన్లకు సాగుతుంది. పెద్దవాళ్లు అది వైరస్ అనుకుని నొక్కరు. వర్డ్‌ప్రెస్ అయితే పొడవు తెలుగు టైటిల్‌తో చేసిన లింక్‌ను మధ్యలోనే తెంపేస్తుంది. సరే, స్టాటిక్ సైట్ విషయం ఆలోచించారా?

గట్టుమీద
బ్లాగర్ చాలు. ఉచితం, సొంత డొమైన్ కూడా కలుపుకోవచ్చు. అధ్యాయానికో పోస్టు, మొదట్లో విషయసూచిక పేజీ. కొత్త పోస్టు పైకి వస్తుంది కాబట్టి తేదీలు వెనక్కి మార్చుకుంటే ఒకటో అధ్యాయం పైన ఉంటుంది.

అచ్చుపెట్టె
ఈ మాటతో నేనూ ఏకీభవిస్తాను. ఒక జాగ్రత్త. రెండేళ్లు ఎవరూ వాడని గూగుల్ ఖాతాలను తీసేసే నిబంధన ఉంది. అందుకే నాన్నగారి పేరు మీద కొత్త ఖాతా తెరవకండి, మీరు రోజూ వాడే ఖాతాలో చేయండి. మార్చిన తెలుగు ఫైళ్లన్నీ పెన్‌డ్రైవ్‌లో ఒక కాపీ, మీ అన్నదమ్ముల దగ్గర ఒక కాపీ ఉంచండి. మీ చేతికి దక్కిన అసలు ఆస్తి అదే, సైట్ ఎప్పుడైనా మళ్లీ కట్టుకోవచ్చు.

మెట్టపొలం
బ్లాగర్‌ను గూగుల్ ఎప్పుడు మూసేస్తుందో ఎవరికి తెలుసు? స్టాటిక్ ఫైళ్లయితే ఎక్కడికైనా ఎత్తుకుపోవచ్చు.

గట్టుమీద
2003 నుంచి గూగుల్ దగ్గరే ఉంది. నెల గడువు ఉన్నావిడకు ఇది చాలు.

వానకోయిల
అను 7 అట, డీటీపీ ఆయనకు ఫోన్ చేస్తే చెప్పారు. చెరువు అధ్యాయం మార్చాను. 1964 అన్న చోట ఏదో ముద్ద వచ్చింది, దిద్దాను. ఫోన్‌లో తెరిస్తే తెలుగు కనబడింది!! థాంక్స్ అండీ అందరికీ, అమ్మ లేచింది, మళ్లీ వస్తా.

కృష్ణాతీరం
సంతోషం. డొమైన్ ఎవరి పేరు మీద తీసుకుంటున్నారు?

మెట్టపొలం
చివరికి ఏది ఎంచుకున్నారో కూడా చెప్పండి. ఈ ఆదివారం నేను ఖాళీయే.