ఖద్దరు తెర మీద నా ముఖం నిలవడం లేదు, ఏం చేయాలి?

నాగావళి ఒడ్డు:

అందరికీ నమస్కారం. మాది పొందూరు పక్క పల్లె. చిత్రకళ కోర్సు చివరి ఏడాది చదువుతున్నాను. వచ్చే నెల విజయనగరంలో, కోట దగ్గర ఒక హాల్లో మా బ్యాచ్ ప్రదర్శన ఉంది. రంగుల్లో కాకుండా వీడియోలో స్వీయచిత్రం చేద్దామనుకున్నాను.

మా అమ్మమ్మ పెళ్లయి వచ్చిన దగ్గర్నుంచి వలుగ చేప దవడతో పత్తి దువ్వేది. ఎడమచేతి వాటం ఆమెది. ఇప్పుడు వేళ్లు వంగక మానేసింది. ఆమె కూర్చునే పీట మీదే కూర్చుని, అదే దవడ ఎముకతో గింజ మీది పత్తిని దువ్వుతూ ఫోన్లో తీసుకున్నాను. నాకు సరిగ్గా రాదు. సన్నటి పళ్లలో పోగు చిక్కుకుంటుంది, విప్పుతాను, మళ్లీ చిక్కుకుంటుంది. పదకొండు నిమిషాలు అదే. దాన్ని పొందూరు ఖద్దరు మీద వేయాలని కోరిక.

ఇంట్లో వేసి చూస్తే ముఖం వెలిసిపోయినట్టుంది. వెనక గోడ మీద ఇంకో బొమ్మ పడుతోంది. ప్రొజెక్టర్‌ను గుడ్డ వెనక పెడితే లెన్స్ వెలుగు సూటిగా కళ్లలోకి కొడుతోంది. బొమ్మ చుట్టూ బూడిదరంగు చట్రం కనిపిస్తోంది. పైగా మాకు చెప్పే సారు ఒకరు "ఇది సెల్ఫీ వీడియో, ఇందులో పోర్ట్రెయిట్ ఎక్కడుంది?" అన్నారు. రెండు రోజులుగా ఒకటే టెన్షన్. దయచేసి దారి చెప్పండి.

మూడు లాంతర్లు:

అమ్మా, నేను విజయనగరంలో చాలా ఏళ్లుగా నాటకాలకు లైట్లు పెడుతున్నాను. నీకొచ్చిన చిక్కులన్నీ సర్దుకునేవే.

పొందూరు నేత పలచన. వెలుగు కొంత గుడ్డ మీద ఆగుతుంది, మిగతాది దాటిపోయి గోడ మీద పడుతుంది. ఆ గోడకు నల్లగుడ్డ కట్టు, రెండో బొమ్మ పోతుంది. తెరకు గంజి పెట్టి ఇస్త్రీ చేయించు, పైనా కిందా చెక్క బద్ద దూర్చు. ముడత ఉంటే ముక్కు వంకర పోతుంది. ముఖం ఇంకా పలచగా ఉంటే గుడ్డ రెండు మడతలు వెయ్యి, కానీ నాకైతే ఒక్క పొరే ఇష్టం.

కళ్లలో కొట్టే వెలుగుకు మందు ఒక్కటే. ప్రొజెక్టర్‌ను చూసేవాళ్ల కంటి ఎత్తున పెట్టకు. నేల మీద పెట్టి పైకి వంచు, లేదా పైన కట్టి కిందకు వంచు. బొమ్మ పక్కలు వాలితే మెనూలో కీస్టోన్‌తో సరిచెయ్యి. వెనకనుంచి వేస్తే బొమ్మ కుడి ఎడమలు తిరగబడతాయి, దానికి 'రియర్' అని వేరే సెట్టింగ్ ఉంటుంది.

చట్రం సంగతి. ప్రొజెక్టర్ నలుపును వేయలేదు, నలుపంటే దానికి వెలుగు లేకపోవడమే. నీ వెనక ఇంటి గోడ ఉంది కాబట్టి అది చతురస్రంగా కనిపిస్తోంది. వీలైతే వెనక నల్ల దుప్పటి కట్టి మళ్లీ తియ్యి. అప్పుడు చేతులూ ముఖమూ మాత్రం గుడ్డలో తేలుతాయి. ట్యూబ్‌లైట్ కింద తీయకు. మన కరెంటు 50 హెర్ట్జ్, కెమెరా షట్టర్, అంటే ఒక్కో ఫ్రేమ్‌కు వెలుగు పట్టే సమయం, దానికి కుదరకపోతే వెలుగు అలల్లా కొట్టుకుంటుంది. ఫోన్ కెమెరాలో ప్రో మోడ్ ఉంటే షట్టర్ 1/50 సెకను పెట్టు. తెర మీద ముఖం దగ్గర వేలు నొక్కిపట్టి ఫోకస్, వెలుగు లాక్ చెయ్యి, లేకపోతే నువ్వు వంగినప్పుడల్లా ముఖం రంగు మారుతుంది.

హాలు కిటికీలు ముందే చూసుకో. పగటి వెలుగు లోపలికి వస్తే ఎంత మంచి ప్రొజెక్టరైనా ఓడిపోతుంది.

గంటస్తంభం:

చెల్లీ, నేను పిల్లలకు డ్రాయింగ్ చెబుతాను. మీ సారు మాట దగ్గర ఆగుతాను.

సినిమా రీలైతే కడిగి చూసేదాకా ఏం వచ్చిందో తెలియదు. 1960ల చివర్లో మనిషి మోయగలిగే వీడియో కెమెరా వచ్చాక, తీస్తూనే తన్ను తాను మానిటర్లో చూసుకునే వీలు కలిగింది. కళాకారులు వెంటనే పట్టుకున్నది దాన్నే. వీటో అకాంచీ 1971లో 'సెంటర్స్' చేశాడు. మానిటర్లో కనిపించే తన ముఖం నడిమధ్యకు వేలు చూపిస్తూ ఇరవై నిమిషాలకు పైగా అలాగే ఉంటాడు. చెయ్యి అలసిపోతుంది, వణుకుతుంది. మనకేమో అతను మనల్నే వేలెత్తి చూపుతున్నట్టుంటుంది. రోజలిండ్ క్రాస్ అనే విమర్శకురాలు 1976లో ఈ పనుల మీద రాస్తూ వీడియో అనేదే ఒక రకం ఆత్మమోహం అంది. మీ సారు అడిగింది చిన్న ప్రశ్నేం కాదు, కొట్టిపారేయకు.

కానీ నీ వీడియోలో నువ్వు ఎటు చూస్తున్నావు? సెల్ఫీలో మనిషి తెరను చూస్తుంది. నువ్వు పత్తిని చూస్తున్నావు. నీ ముఖం ఎలా ఉందో నీకు గుర్తే లేని పదకొండు నిమిషాలవి. సారుకు ఇదే చెప్పు. మళ్లీ తీసేటప్పుడు వెనక కెమెరాతో తియ్యి, నిన్ను నువ్వు చూసుకోవాలన్న ఆశే ఉండదు.

నీ గుడ్డ గురించి చదవగానే గుర్తొచ్చింది పీటర్ కాంపస్ అనే వీడియో కళాకారుడు, 1973లో చేసిన 'త్రీ ట్రాన్సిషన్స్'. ఒక కాగితం తెర, దానికి రెండు వైపులా రెండు కెమెరాలు. అతను కాగితాన్ని కోస్తుంటే, రెండు బొమ్మలూ ఒకదాని మీద ఒకటి పడి, తన వీపును తానే కోసుకుని అందులోంచి బయటికి వస్తున్నట్టు కనిపిస్తుంది. ఐదు నిమిషాల పని. నాకు అతని ముఖం కన్నా ఆ కాగితమే ఎక్కువ గుర్తుంది. నీకూ తెర అంటే వట్టి తెర కాదు, మీ ఊళ్లో నేసిన గుడ్డ. దానికి రెండో వైపు ఏముందో ఆలోచించావా?

ఇంకొకటి, చూసేవాళ్లు ఎక్కడ నిలబడతారో కూడా నువ్వే తేల్చాలి. బ్రూస్ నౌమన్ అనే కళాకారుడు 1970లో ఇరుకైన నడవా కట్టి, చివర రెండు టీవీలు ఒకదాని మీద ఒకటి పెట్టాడు. కిందిదాంట్లో ఖాళీ నడవా. పైదాంట్లో మన వీపు, ఎందుకంటే కెమెరా వెనక గుమ్మం దగ్గర పైన ఉంది. టీవీ దగ్గరకు నడిచేకొద్దీ కెమెరాకు దూరమై మన బొమ్మ చిన్నదవుతుంది. అందులో నౌమన్ ముఖం ఎక్కడా లేదు.

నాగావళి ఒడ్డు:

అన్నా, అక్కా, మీకు ఎలా చెప్పాలో తెలియడం లేదు. నల్ల దుప్పటి కట్టి, వెనక కెమెరాతో మళ్లీ తీశాను. గుడ్డకు గంజి పెట్టి రాత్రి వాకిట్లో వేశాం. చట్రం చాలావరకు మాయమైంది. దగ్గరకెళ్తే నా చెంప మీద పోగులు కనిపిస్తున్నాయి.

అమ్మమ్మ మేము కూర్చున్న వైపు కాకుండా గుడ్డ అవతల మంచం మీద కూర్చుంది. కాసేపు చూసి, "నీకు ఎడమచెయ్యి ఎప్పుడొచ్చిందే?" అంది. నాది కుడిచేతి వాటం. లేచి అటు వెళ్లి చూస్తే నిజమే, అటు వైపు బొమ్మ తిరగబడి నేను ఎడమచేత్తో దువ్వుతున్నాను. పీట మీద వంగిన తీరు కూడా అచ్చం ఆమెదే. చాలాసేపు అక్కడే ఉండిపోయాను.

ఇప్పుడు ఒకటే సందేహం. హాల్లో జనాన్ని ఏ వైపునుంచి రానివ్వాలి?

గంటస్తంభం:

నువ్వు కుడిచేత్తో దువ్వుతున్నట్టు కనిపించే వైపునుంచి రానివ్వు చెల్లీ. గుడ్డను గోడకు ఆనించకుండా హాలు మధ్యలో వేలాడదీసి, పక్కన మనిషి పట్టేంత సందు వదులు. అవతల వైపు మీ అమ్మమ్మ పీట పెట్టు, కూర్చోవాలనుకున్నవాళ్లు కూర్చుంటారు. పక్కన వివరం రాసిన చీటీ మాత్రం పెట్టకు. ఎవరైనా అడిగితే నువ్వే చెప్పు.

మూడు లాంతర్లు:

అలాగైతే ప్రొజెక్టర్ ముందు వైపునే ఉండాలి, పైనుంచి వంచి కట్టు. జనం గుడ్డ పక్కకు నడిచేటప్పుడు నీడ పడకూడదు. అవతల వైపుకు లెన్స్ వెలుగు పలచగా దాటుతుంది కాబట్టి పీట మీద కూర్చుని ఒకసారి చూసుకో, కంటికి తగిలితే ఇంకో జానెడు పైకి జరుపు. అటు వైపు గోడకు కూడా నల్లగుడ్డ మరిచిపోకు. ఫైల్ మళ్లీ మొదలయ్యేటప్పుడు మధ్యలో నీలం తెర రాకుండా, ఎడిటింగ్‌లోనే పదకొండు నిమిషాల ముక్కను పదిసార్లు అతికించి ఒకే ఫైల్ చేసి పెన్‌డ్రైవ్‌లో పెట్టు. యూపీఎస్ నా దగ్గర ఒకటి ఉంది, ముందు రోజు సాయంత్రం తెస్తాను.